చేతిలో పది వేలతో క్యాట్‌కు సిద్ధం కావడం ఎలా?

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో ఆదివారం తెల్లవారుజామున విశాఖపట్నం బస్సు కోసం నిలబడేవాళ్ళలో, భుజాన బరువైన సంచులు వేసుకున్న డిగ్రీ పిల్లలు కొందరు కనిపిస్తారు. వాళ్ళు ఎంబీఏ ప్రవేశ పరీక్ష అయిన క్యాట్ కోసం వారాంతపు కోచింగ్‌కు వెళ్తున్నారు. ఒక ఏడాది నేనూ అలాగే తిరిగాను. రానూ పోనూ రెండు వందల కిలోమీటర్ల పైమాట. ఫీజు కోసం నాన్న చేసిన అప్పు తీరడానికి రెండు పంటలు పట్టింది. అక్కడ చెప్పిన లెక్కలలో సగం నేను పదో తరగతిలో చేసినవే. నాకు రానిది ఇంగ్లీషులో వేగంగా చదివి అర్థం చేసుకోవడం, దాన్ని అక్కడ ఎవరూ నేర్పలేదు. ఆ ఏడు 71 పర్సంటైల్ వచ్చింది, అంటే రాసినవాళ్ళలో 71 శాతం మంది నా వెనక ఉన్నారు. మరుసటి ఏడాది ఇంట్లోనే ఉండి, మొత్తం తొమ్మిది వేల చిల్లర ఖర్చుతో 94 తెచ్చుకున్నాను.

అప్పటి నుంచి మా చుట్టుపక్కల పిల్లలు అడిగినప్పుడల్లా ఒకే మాట చెబుతున్నాను. ఈ పరీక్షకు పాఠాల మీద డబ్బు పెట్టనక్కరలేదు, పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. మీ పొరపాటు ఎక్కడుందో మీకు చూపించే మాక్ (సాధన) పరీక్షల మీద పెట్టండి. ఉన్న కొద్ది సొమ్మూ అక్కడికే పోవాలి. ఆ పని ఎలా చేయాలో వరుసగా చెబుతాను.

1. ఏ పరీక్షో ముందు తేల్చుకోండి

మన జిల్లాలవాళ్ళకు రెండు దారులు ఉన్నాయి. ఒకటి క్యాట్. ఐఐఎంలు (కేంద్రం నెలకొల్పిన మేనేజ్‌మెంట్ విద్యాసంస్థలు) వంతులవారీగా నిర్వహించే ఈ పరీక్ష సాధారణంగా నవంబరు చివరి ఆదివారం జరుగుతుంది. దరఖాస్తులు ఆగస్టులో మొదలై సెప్టెంబరులో ముగుస్తాయి. డిగ్రీలో 50 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45 శాతం చాలు. చివరి సంవత్సరం చదువుతున్నవాళ్ళూ రాయవచ్చు. రెండోది మన రాష్ట్ర కళాశాలల్లో ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశానికి పెట్టే ఏపీ ఐసెట్. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, తప్పు రాస్తే మార్కులు పోవు. ఇంగ్లీషు పరిజ్ఞానాన్ని పరీక్షించే భాగం తప్ప మిగతా ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి. ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలోనో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో ఎంబీఏ చేయాలంటే దారి ఇదే.

రెండింటిలో కష్టమైన క్యాట్‌కు సిద్ధపడండి. దానికి చదివితే ఐసెట్‌కు కావలసింది చాలావరకు చేతికి వచ్చేస్తుంది. ఐసెట్‌కు మాత్రమే చదివినవాళ్ళకు క్యాట్ అందదు. క్యాట్ అంటే ఐఐఎంలే అనుకుని వెనక్కి తగ్గకండి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఎంబీఏకు క్యాట్ స్కోరే చూస్తుంది. వరంగల్ ఎన్ఐటీ కూడా ఆ స్కోరు తీసుకుంటుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయపు మేనేజ్‌మెంట్ విభాగమైన ఎఫ్ఎంఎస్ ఫీజు పెద్ద ఐఐఎంల ఫీజుతో పోలిస్తే చాలా తక్కువ. అయితే అక్కడ సీటుకు పర్సంటైల్ చాలా ఎక్కువ కావాలి. ఇంటికి దగ్గరే కావాలంటే విశాఖపట్నం ఐఐఎం ఉండనే ఉంది. 2015లో మొదలైన ఆ సంస్థ ప్రాంగణం ఇప్పుడు ఆనందపురం దగ్గర గంభీరంలో ఉంది.

2. ఖర్చుల కాగితం రాయండి

ఒక తెల్లకాగితం తీసుకుని అయిదు పద్దులు రాయండి. దరఖాస్తు ఫీజు, మాక్ పరీక్షలు, పుస్తకాలు, నెట్ సెంటర్, పరీక్షకు వెళ్ళిరావడం. క్యాట్ ఫీజు 2025లో 2,600 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు అందులో సగం. బీసీలకు, ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) వాళ్ళకు ఫీజులో తగ్గింపు లేదు, సీట్లలోనే రిజర్వేషన్ ఉంటుంది. ఐఐఎంలన్నిటికీ ఈ ఒక్క ఫీజే. బయటి సంస్థలు చాలావరకు విడివిడిగా దరఖాస్తు ఫీజు తీసుకుంటాయి కాబట్టి వాటిలో రెండో మూడో ఎంచుకోండి, పదింటికి పెట్టవద్దు.

మాక్ పరీక్షల కట్టకు రెండున్నర వేలు, పుస్తకాలకు వెయ్యి, నెట్ సెంటర్‌కు పదిహేను వందలు, ప్రయాణానికీ ఒక రాత్రి బసకూ పదిహేను వందలు వేసుకోండి. బయటి సంస్థల ఫీజులు కాక మొత్తం తొమ్మిది వేల వంద అవుతుంది. మిగిలిన తొమ్మిది వందలు అలాగే ఉంచండి, ఎందుకో తర్వాత చెబుతాను. ఈ కాగితాన్ని ఇంట్లోవాళ్ళకు చూపించండి. లక్షల్లో ఖర్చవుతుందని భయపడే తల్లిదండ్రులు తొమ్మిది వేలు అనగానే నెమ్మదిస్తారు. మీ చదువుకు వాళ్ళ మద్దతు దొరకడం ఎంత అవసరమో నాకు అనుభవం మీద తెలుసు.

3. చదవడానికి ముందే ఒక పాత ప్రశ్నపత్రం రాయండి

ఇది అందరూ వాయిదా వేసే పని. ఏమీ రాకుండా రాసి ఏం లాభమని అనుకుంటారు. ఏమి రాదో తెలియడమే లాభం. పరీక్ష అయ్యాక ఐఐఎంలు ప్రశ్నపత్రాలనూ జవాబులనూ విడుదల చేస్తాయి, పాత సంవత్సరాలవి నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకటి తీసుకోండి. మూడు భాగాలు ఉంటాయి. ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడం, దత్తాంశాలూ తర్కమూ, లెక్కలు. ఒక్కోదానికి 40 నిమిషాలు, ఒక భాగంలో ఉండగా ఇంకో భాగంలోకి వెళ్ళనివ్వరు. ఆ సమయం పెట్టుకుని నిజాయితీగా రాయండి.

మార్కులు చూసి కుంగిపోవద్దు. 2021 నుంచి 2024 వరకు జరిగిన పరీక్షలలో 99 పర్సంటైల్‌కు మొత్తం మార్కులలో సగం కన్నా తక్కువే సరిపోయాయి. అన్నిటికీ జవాబు రాయనవసరం లేని పరీక్ష ఇది. మన బడుల్లో మనకు అలవాటైన పరీక్షకు ఇది పూర్తిగా వేరు. అన్ని ప్రశ్నలూ రాయి, ఏదీ వదలకు అని మాస్టార్లు పదేళ్ళు నేర్పిన అలవాటును ఇక్కడ వదిలించుకోవాలి.

4. లెక్కలు: ఇంట్లో ఉన్న పుస్తకాలతోనే మొదలుపెట్టండి

ఎనిమిది నుంచి పదో తరగతి వరకు లెక్కల పుస్తకాలు వెతికి తీయండి. మీ దగ్గర లేకపోతే వీధిలో ఎవరో ఒకరి అటక మీద ఉంటాయి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలను ఉచితంగా దింపుకోవచ్చు. తెలుగు మాధ్యమంలో చదివినవాళ్ళకు ఒక మంచి సదుపాయం ఉంది. ఇటీవలి ప్రభుత్వ పాఠ్యపుస్తకాలలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉంటాయి. గ.సా.భా., క.సా.గు., అనుపాతం, చక్రవడ్డీ, శ్రేఢి, సంవర్గమానం వంటి మాటలను ఇంగ్లీషులో ఏమంటారో పక్క పేజీలోనే చూసుకుని ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. నూట ఇరవై మాటలు వస్తే చాలు. లెక్క చేతనయ్యి, ప్రశ్న అర్థంకాక మార్కులు పోగొట్టుకున్నవాళ్ళను నేను చాలామందిని చూశాను.

క్యాట్‌లో లెక్కల భాగం ఎక్కువగా అంకగణితం మీదా బీజగణితం మీదా నడుస్తుంది. శాతాలు, లాభనష్టాలు, నిష్పత్తులు, మిశ్రమాలు, కాలం-పని, కాలం-దూరం, వడ్డీలు, సమీకరణాలు, అసమీకరణాలు ముందు పూర్తిచేయండి. ఆ తర్వాత రేఖాగణితం. ప్రస్తారాలు, సంయోగాలు, సంభావ్యత చివరికి ఉంచినా నష్టం లేదు.

ఒక లెక్క చూడండి. పలాసలో కిలో 640 రూపాయల జీడిపప్పు బద్దలూ, కిలో 800 రూపాయల గుండ్లూ కలిపి, కిలో 700 పడేలా అమ్మాలి అనుకుందాం. ఏ పాళ్ళలో కలపాలి? బడిలో నేర్పిన పద్ధతిలో అయితే ఎక్స్, వై అనుకుని సమీకరణం రాస్తాం. రెండు నిమిషాలు పడుతుంది. కొట్టులో కూర్చునే మనిషి అలా చేయడు. బద్దలు 700కు 60 తక్కువ, గుండ్లు 100 ఎక్కువ. ఆ ఎక్కువ తక్కువలు సరిపోవాలంటే వాటిని తారుమారు చేయాలి. బద్దలు 100 పాళ్ళు, గుండ్లు 60 పాళ్ళు, అంటే 5కు 3. సరిచూడండి. అయిదు కిలోల బద్దలు 3,200, మూడు కిలోల గుండ్లు 2,400, మొత్తం 5,600, ఎనిమిది కిలోలకు కిలో 700. అర నిమిషం పని. క్యాట్‌లో ఇదే లెక్కను రెండు రకాల ద్రావణాలుగానో, రెండు తరగతుల సగటు మార్కులుగానో, రెండు వేగాలతో చేసిన ప్రయాణంగానో మార్చి ఇస్తారు. ప్రతి లెక్కనూ చేశాక, ఇందులో సమం అవుతున్నది ఏమిటి అని మిమ్మల్ని మీరు ఒకసారి అడగండి. రోజుకు పాతిక లెక్కలు యాంత్రికంగా చేయడం కన్నా, పది లెక్కలను ఇలా రెండు దారుల్లో చేయడం మేలు.

తెర మీద కాలిక్యులేటర్ ఇస్తారు కాబట్టి ఎక్కాలు ఎందుకని కొందరు అంటారు. మౌసుతో ఒక్కొక్క అంకె నొక్కి చూడండి, ఎంతసేపు పడుతుందో తెలుస్తుంది. ఇరవయ్యో ఎక్కం దాకా, ముప్పై దాకా వర్గాలు, ఇరవైలోపు భిన్నాల శాతాలు నోటికి రావాలి.

5. ఇంగ్లీషు: మన పిల్లలు ఆగిపోయేది ఇక్కడే, కాబట్టి ఎక్కువ కాలం ఇక్కడే గడపండి

ఈ భాగంలో వ్యాకరణం సూటిగా అడగరు. కఠినపదాల జాబితాలు బట్టీ పట్టడం వృథా. నాలుగైదు వందల మాటల వ్యాసం ఇచ్చి, రచయిత ఏమంటున్నాడు, ఎందుకంటున్నాడు, ఏమి అనలేదు అని అడుగుతారు. చదివే అలవాటు లేనివాళ్ళకు ఏ చిట్కా పనికిరాదు. అలవాటు చేసుకోవడానికి పైసా ఖర్చు లేదు, ఆరు నెలల కాలం మాత్రం కావాలి.

నేను చేసినదీ, తర్వాత చేయించినదీ ఇది. పొద్దున్నే జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళండి. విజయనగరంలో అయినా శ్రీకాకుళంలో అయినా ఉంది, శుక్రవారం సెలవు. ఇంగ్లీషు దినపత్రిక కోసం అక్కడ పెద్ద పోటీ ఉండదు. రిటైరైన మాస్టార్లు ఇద్దరు ముగ్గురు తెలుగు పత్రికలు పంచుకుంటూ ఉంటారు, ఇంగ్లీషుది బల్ల మీద మడత నలగకుండా ఉంటుంది. మొదటి నెల సంపాదకీయాల జోలికి వెళ్ళకండి. ఆటల పేజీ, జిల్లా వార్తలు, ఆదివారం అనుబంధం చదవండి. తెలిసిన విషయాన్ని తెలియని భాషలో చదివితే బరువు సగం తగ్గుతుంది. రెండో నెల నుంచి సంపాదకీయం. మూడో నెల నుంచి ఏయాన్ వంటి ఇంగ్లీషు వెబ్ పత్రికలలో వచ్చే పెద్ద వ్యాసాలు. క్యాట్ పత్రంలో ఇచ్చే పేరాలు అలాంటి పత్రికల నుంచి తీసుకున్న సందర్భాలు ఉన్నాయి. వాటిని చందా లేకుండానే ఫోనులో చదువుకోవచ్చు.

ఎలా చదవాలన్నది ఇంకా ముఖ్యం. ఒక పేరా చదవగానే కాగితం బోర్లించండి. ఆ పేరాలో చెప్పినది తెలుగులో ఒక్క వాక్యంలో రాయండి. ఇంగ్లీషులో వద్దు. ఇంగ్లీషులో రాస్తే ఉన్న మాటలనే అటూ ఇటూ మార్చి రాస్తాం, అర్థమైందో లేదో తెలియదు. తెలుగులో రాయాలంటే అర్థం కాకుండా కుదరదు. నా పాత నోటు పుస్తకంలో ఒక వలసల వ్యాసం కింద ఇలా ఉంది: "ఊరు వదిలేది పేదరికం వల్లే అంటారు, ఈయన కాదనడు, కానీ ముందు వెళ్ళినవాళ్ళు పంపే కబురే అసలు కారణం అంటున్నాడు." మా ఊరి నుంచి చెన్నైకీ, హైదరాబాదుకూ పనులకు వెళ్ళినవాళ్ళ ఇళ్ళు నాకు తెలుసు కాబట్టి ఆ వ్యాసం వెంటనే తలకెక్కింది. ఆ "కానీ"ని గమనించండి. ప్రశ్నలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. బట్, హవెవర్, యెట్ అన్న మాటలు వచ్చిన ప్రతిచోటా మనసులో ఒక చుక్క పెట్టుకోండి. రచయిత ఇతరుల మాట ముగించి తన మాట మొదలుపెట్టేది చాలాసార్లు అక్కడే. హార్డ్లీ, సెల్డమ్ వంటివి చూడటానికి కాదన్నట్టు కనిపించవు, వాక్యాన్ని మాత్రం కాదనిపిస్తాయి. వాటి దగ్గర తొందరపడినవాళ్ళు తిరగబడిన అర్థంతో జవాబు గుర్తిస్తారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలనిపిస్తోంది. తెలుగు చదవడం మానవద్దు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో స్థాపించిన కథానిలయం ఉంది, తెలుగు కథల కోసమే పెట్టిన గ్రంథాలయం. వారానికి ఒక కథ చదివి, కథకుడు ఏ పాత్ర పక్షాన ఉన్నాడో, ఆ సంగతి ఎక్కడా చెప్పకుండానే ఎలా తెలిసిందో ఆలోచించండి. పైకి చెప్పని దాన్ని పట్టుకునే చూపు ఏ భాషలో అలవడినా రెండో భాషకు అక్కరకు వస్తుంది. నాకు వచ్చింది.

6. దత్తాంశాలు, తర్కం

దీనికి సిలబస్ అంటూ లేదు. నాలుగైదు సెట్లు, అంటే దత్తాంశాల పట్టికలో చిక్కు సమస్యలో ఇస్తారు, ఒక్కోదాని కింద నాలుగైదు ప్రశ్నలు ఉంటాయి. పాత పత్రాలలోని సెట్లు రోజుకు రెండు చొప్పున చేయండి. గడియారం మొదటి రెండు నెలలు అక్కరలేదు. జవాబు చూడకుండా గంటసేపు అయినా సరే ఒక సెట్‌తో కుస్తీ పట్టండి. తర్వాత గడియారం పెట్టి, నలభై నిమిషాలలో ముందు అయిదు నిమిషాలు సెట్లన్నీ చదవడానికే కేటాయించండి. తేలికైన రెండిటిని ఎంచుకోవడం వస్తే ఈ భాగం గట్టెక్కినట్టే.

7. మాక్ పరీక్షలు, పొరపాట్ల పుస్తకం

జూలై నుంచి రెండు వారాలకు ఒకటి, సెప్టెంబరు నుంచి వారానికి ఒకటి, మొత్తం పదిహేను. అంతకు మించి అక్కరలేదు. యాభై మాక్‌ల కట్ట చవకగా వస్తోందని కొనకండి. రాసిన ప్రతి మాక్‌ను విడమరచి చూసుకోవడానికి దానికి రెట్టింపు సమయం పడుతుంది. ఆ సమయం లేకుండా రాసిన మాక్‌తో ఒరిగేదేమీ లేదు. ఐఐఎంలు తమ వెబ్‌సైటులో ఉచితంగా పెట్టే నమూనా పరీక్షను అక్టోబరు, నవంబరులలో రెండుసార్లయినా రాయండి, తెర సరిగ్గా అలాగే ఉంటుంది.

ఫోనులో మాక్‌లు రాయవద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. నా మొదటి ఏడాది ఫలితానికి ఒక కారణం ఇదే. అసలు పరీక్ష కంప్యూటర్ మీద జరుగుతుంది. ఎడమవైపు పేరా, కుడివైపు ప్రశ్న ఉంటాయి. కొన్ని ప్రశ్నలకు ఐచ్ఛికాలు (ఎంచుకోవడానికి ఇచ్చే జవాబులు) ఉండవు, తెర మీద కనిపించే మీటలను మౌసుతో నొక్కి జవాబు ఎక్కించాలి. ఫోనులో వేలితో అలవాటైన నేను పరీక్ష గదిలో మౌసుతో తడబడి, తెలిసిన ప్రశ్న ఒకటి ఎక్కించేలోపే సమయం దాటిపోయింది. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే నెట్ సెంటర్ యజమానితో మాట్లాడుకోండి. ఆదివారం పొద్దున రద్దీ తక్కువ కాబట్టి, వారం వారం వస్తానంటే రేటు తగ్గిస్తారు. కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌ఛార్జిని అడిగితే అదీ దొరకవచ్చు. నలుగురు కలిసి ఒక అర్జీ రాసి ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి. అడగకపోవడం వల్లే పోయే అవకాశాలు మన దగ్గర చాలా ఉన్నాయి.

ఇప్పుడు పొరపాట్ల పుస్తకం. ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకంలో నాలుగు గళ్ళు గీయండి. ప్రశ్న ఏమిటి, నేను ఏమి చేశాను, ఎంతసేపు పట్టింది, తప్పు ఏ రకం. తప్పులు నాలుగు రకాలే: తెలియక, తొందరలో, ప్రశ్న సరిగా చదవక, వదలాల్సింది వదలక. నా పుస్తకంలో ఒక మాక్ కింద ఇలా రాసి ఉంది: "మూడో సెట్, హాస్టల్ గదుల కేటాయింపు. 17 నిమిషాలు. ఒక్క జవాబు, అదీ తప్పు. ఎనిమిదో నిమిషంలోనే రాదని తెలిసింది. వదల్లేదు." అలాంటివి వరుసగా ఆరు మాక్‌లలో కనిపించాయి. నాకు తర్కం రాదనుకున్నాను, కానీ నా జబ్బు పట్టుదల. ఆ సంగతి ఏ మాస్టారూ చెప్పలేదు, ఆ గళ్ళే చెప్పాయి. తర్వాతి మాక్ నుంచి ఎనిమిది నిమిషాల నియమం పెట్టుకున్నాను. ఆ ఒక్క మార్పుకే ఆ భాగంలో మార్కులు ఇంచుమించు రెట్టింపయ్యాయి.

మార్కుల లెక్క కూడా ఒకసారి కాగితం మీద వేసుకోండి. ఒప్పుకు 3, ఐచ్ఛికాలు ఉన్న ప్రశ్నకు తప్పు రాస్తే 1 పోతుంది. నాలుగు ఐచ్ఛికాలలో గుడ్డిగా ఒకటి గుర్తిస్తే నాలుగుసార్లకు ఒకసారి 3 వస్తుంది, మూడుసార్లు 1 చొప్పున పోతుంది, చివరికి సున్నా. ఒక ఐచ్ఛికం కచ్చితంగా కాదని తీసేయగలిగితే మూడుసార్లకు 3 వచ్చి 2 పోతాయి, కొంచెం లాభం. రెండు తీసేయగలిగితే తప్పకుండా గుర్తించండి. ఐచ్ఛికాలు లేని ప్రశ్నలకు తప్పు రాసినా ఏమీ పోదు, ఆ గడి ఖాళీగా వదలకండి.

8. ధ్రువపత్రాలు ఆగస్టులోపే

ఈ పని ఆలస్యం చేసి సీటు పోగొట్టుకున్న పిల్లవాడు మా వీధిలోనే ఉన్నాడు. ఓబీసీ రిజర్వేషన్ కావాలంటే మామూలు బీసీ కుల ధ్రువపత్రం చాలదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో, క్రీమీలేయర్‌కు (బీసీలలో సంపన్న శ్రేణికి) చెందనట్టు తహసీల్దారు ఇచ్చిన పత్రం ఉండాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు. ఉత్తరాంధ్రలో అలాంటి కులాలు ఉన్నాయి. జాతీయ వెనుకబడిన తరగతుల కమిషన్ వెబ్‌సైటులో కేంద్ర జాబితా ఉంటుంది, మీ కులం పేరు అక్కడ ఏ అక్షరాలతో ఉందో చూసుకుని, అలాగే రాయించుకోండి. కేంద్ర జాబితాలో లేనివాళ్ళు ఆదాయం, ఆస్తుల నిబంధనలు సరిపోతే ఈడబ్ల్యూఎస్ పత్రానికి అర్హులు కావచ్చు, ఆ సంగతి కూడా అడగండి. సచివాలయంలో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి, రెండు మూడుసార్లు తిరగాల్సి వస్తుందని ముందే సిద్ధపడండి. పత్రంలోనూ, పదో తరగతి మార్కుల జాబితాలోనూ ఇంటిపేరు, పేరు ఒకేలా ఉన్నాయో లేదో అక్షరం అక్షరం సరిచూసుకోండి.

9. తుపాను రోజులు, పరీక్ష రోజు

అక్టోబరు, నవంబరు మనకు తుపానుల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటాక ఉద్దానం గ్రామాలలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. ఫోనులోనే అన్నీ ఉన్నాయని ధీమాగా ఉండకండి. పాత పత్రాలు అయిదు, సూత్రాల పుస్తకం, ఇరవై ఇంగ్లీషు పేరాలు సెప్టెంబరులోనే అచ్చు తీయించి పెట్టుకోండి. మిగల్చమన్న తొమ్మిది వందలలో కొంత దీనికే.

దరఖాస్తులో పరీక్ష నగరాలను ప్రాధాన్య క్రమంలో ఎంచుకోమంటారు. దగ్గరి నగరం ముందు పెట్టండి. పరీక్ష మూడు విడతలుగా జరుగుతుంది: ఉదయం 8.30, మధ్యాహ్నం 12.30, సాయంత్రం 4.30. మీది ఏదో హాల్‌టికెట్ వచ్చేదాకా తెలియదు. కేంద్రం విశాఖలో పడి, విడత ఉదయానిది అయితే శ్రీకాకుళం నుంచి ఆ తెల్లవారి బయలుదేరి వెళ్ళవద్దు. ముందురోజు సాయంత్రమే చేరండి, బంధువుల ఇల్లు ఉంటే మేలు. లేకపోతే బసకు వేసుకున్న సొమ్ము ఉంది. విడత మధ్యాహ్నానిదైతే తొలి బస్సు చాలు. కేంద్రం ఆనందపురం, మధురవాడ వైపు పడితే జాతీయ రహదారి మీదే దిగిపోవచ్చు, ఊళ్ళోకి వెళ్ళి వెనక్కి రానక్కరలేదు. విజయనగరం వాళ్ళకు పెందుర్తి వైపు కేంద్రం పడితే అక్కడ ఆగే రైలు బస్సు కన్నా నయం. ఎలా వెళ్ళాలో వారం ముందే ఒకసారి చూసుకోండి. ఆ ఆదివారం సాయంత్రం విడత అయినవాళ్ళు, ముఖ్యంగా ఆడపిల్లలు, తిరుగు ప్రయాణం ఎలాగో ఇంట్లో మాట్లాడుకుని బయలుదేరండి.

10. పరీక్ష అయ్యాక

కొద్ది రోజులలో జవాబుల పట్టిక, మీరు గుర్తించిన జవాబులు తెర మీద పెడతారు. మార్కులు లెక్కవేసుకోండి. ఇంటర్వ్యూ పిలుపు వచ్చే అవకాశం ఉంటే మరునాటి నుంచే మీ జిల్లా గురించి చదవండి. ఇంటర్వ్యూలో ఊరు పేరు చెప్పగానే ప్రశ్నలు అక్కడి నుంచే వస్తాయి. పలాస జీడి పరిశ్రమ, పొందూరు ఖద్దరు, విజయనగరం జనపనార మిల్లులు, ఉద్దానం కిడ్నీ వ్యాధి, మత్స్యకారుల వలసలు. వీటిలో రెండింటి గురించి అయినా అయిదు నిమిషాలు తడుముకోకుండా మాట్లాడగలగాలి. వెళ్ళి చూసి, పనిచేసేవాళ్ళతో మాట్లాడి రండి. దానికయ్యేది బస్సు చార్జీ మాత్రమే.

పెద్ద ఐఐఎంల ఫీజు ఇరవై లక్షలు దాటుతుంది, అది విని ఇంట్లో ఆపవద్దు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థలలో సీటు వచ్చినవాళ్ళకు పూచీకత్తు, హామీదారు లేకుండా బ్యాంకు రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉన్నవాళ్ళకు, ఇతర ప్రభుత్వ సాయం పొందకపోతే, 10 లక్షల వరకు రుణంపై చదువుకునే కాలంలో మూడు శాతం వడ్డీ రాయితీ ఉంది. సీటు ఉత్తరం, ఆదాయ ధ్రువపత్రం పట్టుకుని మీ ఖాతా ఉన్న బ్యాంకు మేనేజరును కలవండి.

పిలుపు రాకపోతే పొరపాట్ల పుస్తకాన్ని అటక ఎక్కించకండి. ఐసెట్ ప్రకటన సాధారణంగా వేసవికి ముందే వస్తుంది, పరీక్ష మేలో ఉంటుంది. చదివినదే మళ్ళీ చదవండి, ఈసారి ఏ ప్రశ్నా వదలకుండా గుర్తించండి, తప్పుకు మార్కు పోదు కదా. ఆ తొమ్మిది వందలలో మిగిలినది దాని దరఖాస్తుకు పనికివస్తుంది.